సదరంలో 35 శాతమే వచ్చింది, పింఛను కోసం లాయర్‌ని పెట్టుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు కొబ్బరి దింపు కార్మికులు. మూడేళ్ల కిందట చెట్టు మీద పట్టు తప్పి పడితే నడుము దగ్గర వెన్నుపూస విరిగి ఆపరేషన్ అయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని కాస్త నడుస్తారు గానీ పనికి పోలేరు. సదరం క్యాంపులో (వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ వైద్య శిబిరం) 35 శాతం, అదీ టెంపరరీ అని రాశారు. 40 లేకపోతే పింఛను రాదని గ్రామ సచివాలయంలో చెప్పారు. ఒకాయన పాతికవేలు ఇస్తే శాతం పెంచి తెస్తానంటున్నాడు. అతనికి ఇవ్వాలా, లాయర్‌ని పెట్టుకోవాలా, ఇంక వదిలేయాలా అని అడిగారు.

అతనికి రూపాయి కూడా ఇవ్వకండి. వదిలేయనూ వద్దు. పింఛను దరఖాస్తు పెట్టడానికి లాయర్ అక్కర్లేదు. శాతం మీద అప్పీలు చేసేటప్పుడు లాయర్ సాయం పనికొస్తుంది, అది మీకు ఉచితంగానే దొరుకుతుంది. కానీ లాయర్ దగ్గరికి వెళ్లేముందు నాన్నగారి వైద్యం కాగితాలు పోగుచేయండి. మీ కేసు నిలబడేది వాటి మీదే.

నేను కోనసీమలో వకీలుగా పనిచేస్తూ న్యాయ సేవల కమిటీ ప్యానెల్లో (ఉచితంగా కేసులు చూసే లాయర్ల జాబితాలో) ఉన్నాను. దింపు కార్మికుల కుటుంబాలు తరచూ వస్తుంటాయి. వచ్చేవాళ్లలో చాలామంది మీలాగే మొదట మధ్యవర్తి గురించి అడుగుతారు, తర్వాత లాయర్ ఫీజు గురించి. క్యాంపులో డాక్టర్‌కి ఏ కాగితాలు చూపించారని నేను అడిగితే మాత్రం ఒక ఎక్స్‌రే, ఒక మందుల చీటీ బయటికి తీస్తారు. శాతం తక్కువ రావడానికి సగం కారణం అక్కడే ఉంటుంది.

ముందు ఈ 40 ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకే చాలా పథకాలు, రిజర్వేషన్లు వర్తిస్తాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛన్ల పథకం కింద వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 6,000 రూపాయలు. పక్షవాతంతోనో ప్రమాదం వల్లనో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైపోయినవాళ్లకి 15,000. మీ నాన్నగారు కర్రతో నడుస్తున్నారు కాబట్టి మీరు చూసుకోవాల్సింది 6,000 పింఛనే. 35కీ 40కీ మధ్య తేడా అయిదే కదా అనిపిస్తుంది గానీ, ఏడాదికి 72,000 రూపాయలు దాని మీదే ఉన్నాయి.

ఇక ఆ 35 ఎలా వచ్చిందన్నది. నడుము దెబ్బ కేసుల్లో డాక్టర్ రోగం పేరు చూసి శాతం వేయరు. ఆ దెబ్బ వల్ల శరీరంలో ఏ పని ఎంత ఆగిపోయిందో కొలుస్తారు. కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయి, కాలి కండరాల బలం 0 నుంచి 5 వరకు ఎంత ఉంది, స్పర్శ ఎక్కడ పోయింది, మూత్రం, విరేచనం అదుపులో ఉన్నాయా, ఇవన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. క్యాంపు రోజున ఆసుపత్రి వరండా నిండా జనం ఉంటారు. ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో మీరు చెప్పనిది, కాగితం మీద లేనిది డాక్టర్ కంటపడదు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. అంబాజీపేట వైపు నుంచి ఒక దింపు కార్మికుడి భార్య మా దగ్గరికి వచ్చింది. ఆయనకీ చెట్టు మీద నుంచి పడితే నడుమే దెబ్బతింది, ఆయనకీ 40 లోపే వేశారు. కాగితాలన్నీ చూశాను, ఎముక గురించి తప్ప వేరే మాట లేదు. రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తారని అడిగితే ఆయన తల దించుకున్నాడు. భార్య చెప్పింది, పక్కబట్టలు రోజూ ఉతుక్కోవాల్సి వస్తోందని, బయట ఊరికి వెళ్లాలంటే ఆయన ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తాడని. క్యాంపులో ఈ సంగతి ఎందుకు చెప్పలేదంటే, క్యూలో చుట్టూ ఊరివాళ్లే ఉన్నారట. వెన్నుపాము దెబ్బ వల్ల మూత్రం మీద అదుపు పోవడం వైకల్యం లెక్కలో ప్రత్యేకంగా చూసే అంశం. ప్రభుత్వ ఆసుపత్రిలోనే యూరాలజీ డాక్టర్‌కి చూపించి రాయించుకున్నారు, నరాల పరీక్ష కూడా చేయించారు. ఆ రిపోర్టులతో మళ్లీ పరీక్షకి వెళ్తే 40 దాటింది. ఆయన ఒంట్లో ఉన్న బాధే కాగితం మీదికి వచ్చింది, అంతకుమించి ఎవరూ ఏమీ పెంచలేదు.

అందుకని నాన్నగారిని పక్కకి తీసుకెళ్లి నిదానంగా అడగండి. మీరు కొడుకైతే మీకు చెప్పడానికి మొహమాటపడొచ్చు, అమ్మగారిచేత అడిగించండి. మూత్రం, విరేచనం, కాళ్లలో తిమ్మిరి, కింద కూర్చుని లేవగలరా, మెట్లు ఎక్కగలరా, ఎంతసేపు నిలబడగలరు, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఉన్నది ఉన్నట్టే రాయండి. ఎక్కువ చేసి చెబితే అనుభవం ఉన్న డాక్టర్ ఇట్టే పట్టేస్తారు, అప్పుడు నిజంగా ఉన్న బాధని కూడా నమ్మరు.

తీసుకెళ్లాల్సిన కాగితాలు: ఆపరేషన్ చేసిన ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ఎమ్మారై ఫిల్ము, దాని రిపోర్టు, ఆపరేషన్ తర్వాత చూపించుకున్న ప్రతి ఓపీ చీటీ, నరాల పరీక్ష రిపోర్టు, ఫిజియోథెరపీ చేయించి ఉంటే ఆ రికార్డు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ జరిగి కాగితాలు పోయినా కంగారు పడకండి. ఆ ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి దరఖాస్తు పెట్టి నకళ్లు అడగొచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఆసుపత్రి కాగితాల్లో ఇంటిపేరు ఒకలా, ఆధార్లో ఒకలా ఉండటం మన వైపు మామూలే. తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. నడుముతో పాటు నాన్నగారికి చెవుడో, ఒక కంటి చూపు పోవడమో ఉంటే అది కూడా చూపించండి. రెండు వైకల్యాలు ఉన్నప్పుడు రెండు శాతాలనీ ఊరికే కూడరు, దానికో సూత్రం ఉంది. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. నడుముకి 35, చెవికి 30 ఉన్నాయనుకోండి, మొత్తం 65 కాదు, 53 పైచిలుకు అవుతుంది. అయినా 40 దాటినట్టే కదా. వినికిడికి ఆడియోమెట్రీ (ఎంత వినిపిస్తోందో కొలిచే పరీక్ష), అవసరమైతే బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో చూసే పరీక్ష) చేస్తారు.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. సర్టిఫికెట్ టెంపరరీ అన్నారు కాబట్టి దాని మీద గడువు తేదీ ఉంటుంది, చూడండి. గడువు దగ్గర్లోనే ఉంటే అప్పీలు కంటే కొత్త రిపోర్టులతో మళ్లీ స్లాట్ బుక్ చేసుకుని పరీక్షకి వెళ్లడమే తేలిక. స్లాట్ సచివాలయంలోగానీ మీసేవలోగానీ తీసుకోవచ్చు. త్వరగా నిండిపోతాయి కాబట్టి ఎప్పుడు తెరుస్తారో సచివాలయం డిజిటల్ అసిస్టెంట్‌ని ముందే అడిగి పెట్టుకోండి. గడువు ఇంకా చాలా ఉంటే అప్పీలు చేయండి. వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 59 ఇందుకోసమే ఉంది. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం నచ్చకపోతే పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు అది. సర్టిఫికెట్ అసలే నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలని ఆ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లోనే ఉంది. నోటిమాటగా "రాదులే" అంటే అక్కడితో ఆగిపోకండి, కాగితం మీద అడగండి.

అప్పీలు అర్జీలో చట్టం గురించి పేజీలకి పేజీలు అవసరం లేదు. పరీక్ష ఏ తేదీన జరిగింది, ఎంత శాతం వేశారు, ఏ అంశం పరీక్షించలేదు, దానికి ఇప్పుడు ఏ రిపోర్టు జతచేస్తున్నాం, మెడికల్ బోర్డు ముందు మళ్లీ పరీక్షించమని కోరుతున్నాం. ఈ అయిదు ముక్కలు ఒక పేజీలో పడితే చాలు. మా నాన్న పేదవాడు, కష్టాల్లో ఉన్నాడు అని మాత్రమే రాసిన అర్జీలు నేను చాలా చూశాను. అవి నిజమే, కానీ ఆ అర్జీ చదివిన డాక్టర్‌కి ఏం తిరిగి పరీక్షించాలో తెలియదు. అర్జీ ఒకటి ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఇవ్వండి. ఇంకొకటి సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రెండుచోట్లా రసీదు నంబరు లేకుండా బయటికి రాకండి. తర్వాత ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఆ నంబరే.

లాయర్ సంగతి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలో సెక్షన్ 12 ఉంది. దాని ప్రకారం వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి, పిల్లలకి కూడా అంతే. ఇక్కడే మీకో చిక్కు ఎదురుకావచ్చు. నాన్నగారికి 40 శాతం లేదు కాబట్టి వికలాంగుల కేటగిరీలో రారని ఎవరైనా అంటే వెనక్కి తిరిగి రావద్దు. ఏడాది ఆదాయం మూడు లక్షల లోపు ఉన్నవాళ్లు కూడా ఆ చట్టం కిందికి వస్తారు, ఆ లెక్కన అడగండి. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, చాలాచోట్ల జనం దాన్ని లోక్ అదాలత్ ఆఫీసు అంటారు. తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్, రైస్ కార్డు, సర్టిఫికెట్ నకలు ఇస్తే చాలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ రాజమహేంద్రవరంలో ఉంది. జిల్లాలు 2022లో విడిపోయినా కోనసీమ, కాకినాడ వాళ్లకీ అదే. పశ్చిమ గోదావరి వాళ్లకి ఏలూరు. నడవలేనివాళ్లు 15100 నంబరుకి ఫోన్ చేయొచ్చు. పారా లీగల్ వలంటీర్లని ఉంటారు, వాళ్లు ఇంటికి వచ్చి అర్జీ రాసిపెడతారు. దీనికి ఎవరూ డబ్బు అడగకూడదు. అడిగితే ఆ కమిటీ ఛైర్మన్‌గా ఉండే జడ్జిగారికే రాయండి.

మేం చేసే పని నిజానికి చాలా మామూలుది. అర్జీ సరిగ్గా రాయడం, కమిటీ తరఫున ఆసుపత్రికి లేఖ వెళ్లేలా చూడటం, జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ రోజు పరీక్ష వివరాలు అడగడం. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎక్కువ కేసులు ఇక్కడితోనే తేలిపోతాయి. అప్పీలుని పక్కన పడేసి నెలలు గడిపేస్తేనే హైకోర్టులో రిట్ (అధికారులకి ఆదేశమివ్వమని కోరే పిటిషన్) ఆలోచన, దానికి కూడా ఉచిత లాయర్ దొరుకుతారు. శాతం ఎంతో హైకోర్టు చెప్పదు. మళ్లీ పరీక్షించండి, ఇన్నాళ్లలో తేల్చండి అని ఆదేశిస్తుంది. అది తెలిసి వెళ్లండి.

ఆ పాతికవేల మనిషి గురించి. శాతం పెంచి తెచ్చే సర్టిఫికెట్ రెండు రకాలుగా మీ మెడకి చుట్టుకుంటుంది. వికలాంగులకి ఉద్దేశించిన లబ్ధిని మోసంతో పొందితే వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 91 కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పేరు మీ నాన్నగారిది కాబట్టి కేసు ఆయన మీదే. రెండోది, 2025లో ప్రభుత్వం వికలాంగుల పింఛన్లన్నీ మళ్లీ పరీక్షించడం మొదలుపెట్టింది, 40 లోపు తేలినవాళ్లకి నోటీసులు వెళ్లాయి. అందులో నిజంగా అర్హులైనవాళ్లు కూడా ఇబ్బంది పడ్డారు, వాళ్ల అప్పీళ్లు మేం రాశాం. రిపోర్టులు భద్రంగా దాచుకున్నవాళ్లు ధైర్యంగా బోర్డు ముందు నిలబడ్డారు. మధ్యవర్తి ద్వారా తెచ్చుకున్నవాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అలాంటి నోటీసు వచ్చి ఉంటే అందులో రాసిన గడువు చూసుకుని ఆలోపే అప్పీలు పెట్టండి. నోటీసు తీసుకోకపోతే సరిపోతుందనుకోవద్దు.

శాతం 40 దాటాక కూడా ఒక గండం ఉంది. సచివాలయంలో అర్హతల తనిఖీ చేస్తారు, సిక్స్ స్టెప్ అంటారే, అదే. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకి 10,000 లోపు ఉండాలి, మాగాణి మూడెకరాల లోపు, కారు ఉండకూడదు (ఆటో, టాక్సీ, ట్రాక్టరుకి మినహాయింపు ఉంది), కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. డెల్టాలో కేసులు ఎక్కువగా మూడుచోట్ల ఇరుక్కుంటాయి. పెళ్లయి వేరే కాపురం పెట్టిన కొడుకు పేరు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (సచివాలయంలో ఉండే కుటుంబ సభ్యుల నమోదు) తండ్రి కిందే ఉండిపోవడం ఒకటి. ఎప్పుడో అమ్మేసిన పొలం వన్‌బీలో (రెవెన్యూ భూమి రికార్డు) ఇంకా ఆయన పేరునే కనిపించడం రెండోది. ఎవరిదో మీటరు ఈయన ఆధార్‌కి లింకై ఉండటం మూడోది. మూడూ సరిచేయించుకోగలిగినవే. శాతం వచ్చేలోపు ఇవి చూసిపెట్టుకోండి. కొత్త పింఛన్ల దరఖాస్తులు ప్రభుత్వం తెరిచినప్పుడే తీసుకుంటారు, ఆ సమయానికి అన్నీ సిద్ధంగా ఉండాలి.

లంక గ్రామాల వాళ్లకి ఒక మాట. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగి కాజ్‌వే మునిగిపోతే క్యాంపు తేదీ తప్పిపోతుంది. అప్పుడు మౌనంగా ఉంటే గైర్హాజరు అని నమోదైపోతుంది. వరద వల్ల రాలేకపోయామని వీఆర్వోచేత రాయించుకుని, అదే వారం ఆసుపత్రికీ సచివాలయానికీ ఇచ్చి మరో తేదీ అడగండి. వీలైతే స్లాట్ తీసుకునేటప్పుడే వరదల కాలం తప్పించండి.

పక్షవాతం వచ్చినవాళ్లని నెల తిరక్కుండానే క్యాంపుకి తీసుకొస్తుంటారు. నరాలకి సంబంధించిన వైకల్యాన్ని సాధారణంగా ఆరు నెలలయ్యాకే అంచనా వేస్తారు, అప్పటికి ఎంత కోలుకుంటారో తెలుస్తుంది కాబట్టి. ఆ ఆరు నెలలూ వైద్యం కాగితాలు దాచుకుంటూ ఉండండి.

అలాగే బోదకాలు. మన డెల్టాకి ఫైలేరియా పాత శత్రువు. రెండు కాళ్లకీ నాలుగో దశ బోదకాలు ఉన్నవాళ్లకి ప్రత్యేక పింఛను, నెలకి 10,000. రెండు కాళ్లూ మొద్దుల్లా వాచిపోయిన ఒక పెద్దావిడ ఏళ్లతరబడి నడవలేని వైకల్యం కింద తిరుగుతూ ఉండేది, ఆమె దరఖాస్తు వేరే కేటగిరీలో పెట్టాలని ఎవరూ చెప్పలేదు. దరఖాస్తుకి ముందు ఏ కేటగిరీయో అడగడం అందుకే ముఖ్యం.

ఇక లాయర్ నిజంగా తప్పనిసరి అయ్యే సందర్భాలు వేరే ఉన్నాయి. రోడ్డు ప్రమాదంలో వైకల్యం వస్తే పింఛనుతో సంబంధం లేకుండా మోటారు ప్రమాద ట్రిబ్యునల్లో నష్టపరిహారం కేసు ఉంటుంది, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయించండి. అక్కడ సర్టిఫికెట్లోని శాతం ఒక్కటే చూడరు. సంపాదన ఎంత పోయిందో చూడాలని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. చెట్టెక్కి బతికే మనిషికి కాలు పోవడమూ, కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి కాలు పోవడమూ ఒకటి కాదు. మానసిక ఎదుగుదల లేని పిల్లలకి 18 దాటాక బ్యాంకుల్లో, ఆస్తి విషయాల్లో సంరక్షకులు కావాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ఆ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. తల్లిదండ్రులు ఓపిక ఉన్నప్పుడే ఈ పని చేసుకోవాలి.

మీ విషయంలో ఇంకొక్కటి చూడండి. నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్ తీసి, పడిన ఏడాదిలో ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం కట్ అయిందేమో వెతకండి. ఏడాదికి ఇరవై రూపాయలే కాబట్టి ఎవరూ గమనించరు. ఒక కాలు పూర్తిగా పనికిరాకుండా పోయినా లక్ష వరకు వచ్చే పథకం అది. ఆలస్యమైంది కాబట్టి ఇస్తారని మాట ఇవ్వలేను, కానీ ప్రీమియం కట్ అయి ఉంటే మాత్రం ఆ పాస్‌బుక్ మీ లీగల్ ఎయిడ్ లాయర్‌కి చూపించండి.

సర్టిఫికెట్ ఫొటో తీసి, పేరు, ఆధార్, ఐడీ నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. డయాగ్నోసిస్ అన్నచోట ఎముక విరిగిందని మాత్రమే ఉందా, నరాల ప్రస్తావన ఉందా, గడువు ఎప్పటివరకు ఉంది, ఈ మూడూ తెలిస్తే మళ్లీ పరీక్షకి వెళ్లాలా, అప్పీలు రాయాలా అన్నది చెప్పగలను. అర్జీ నమూనా కూడా రాసిస్తాను.